తొండి లేని లీగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్?

తెలంగాణ కుర్రాళ్లకు పైసల ఫాంటసీ క్రికెట్ 2017లోనే దూరమైంది. ఆ ఏడాది రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యం ఉన్న ఆటైనా సరే పైసలు కాసి ఆడితే జూదమే అన్నారు. దాంతో డ్రీమ్ 11 లాంటి కంపెనీలు ఇక్కడివాళ్లను డబ్బు పోటీల్లోకి రానివ్వలేదు. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేశాక దేశమంతటా ఆ దుకాణాలు మూతపడ్డాయి. భారత జట్టు జెర్సీ మీది నుంచి డ్రీమ్ 11 పేరు కూడా చెరిగిపోయింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటే అని సుప్రీంకోర్టు 1967లో చెప్పిన తీర్పు సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులోది. ఆన్‌లైన్ ఆటల కంపెనీలు ఏళ్ల తరబడి కోర్టుల్లో అడ్డం పెట్టుకున్నది మన ఊరి పేకాట క్లబ్ తీర్పునే!

పైసల సంగతి అలా ఉంచుదాం. ఎనిమిది మంది స్నేహితులు కూడి, ఆటగాళ్లను వేలం పాటలో కొనుక్కుని, కంప్యూటర్ చేత సీజన్ మొత్తం ఆడించుకోవాలనుకుంటే దానికి అడ్డు లేదు. పందెం లేదు కాబట్టి జూదం లేదు. సాఫ్ట్‌వేర్ ఖరీదు అందరూ పంచుకోవడం వేరు, తలా ఇంత వేసి గెలిచినవాడికి ఇవ్వడం వేరు. ఈ రెండు లెక్కలనూ ఒకే ఫోన్‌పే ఖాతాలో కలపకుండా ఉంటే చాలు. అసలు చిక్కు వేరే చోట ఉంది. మ్యాచ్ ఆడించేది ఏ సాఫ్ట్‌వేర్?

ముందు రెండు ఆటలను విడదీయాలి. ఫాంటసీ అంటే నిజం మ్యాచ్‌లో నిజం ఆటగాడు చేసిన పరుగులకు మనకు పాయింట్లు రావడం. న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు 1980లో బేస్‌బాల్‌కు మొదలుపెట్టిన రోటిసెరీ లీగ్ దీనికి మూలపురుషుడు. సిమ్యులేషన్ అంటే ఆటగాడి పాత లెక్కలను ముందు పెట్టుకుని, అసలు జరగని మ్యాచ్‌ను బంతి బంతికీ ఆడించడం. వయసులో ఇదే పెద్దది. ఆప్బా అనే కార్డుల బేస్‌బాల్ 1951లో వచ్చింది. హాల్ రిచ్‌మన్ స్ట్రాట్-ఓ-మాటిక్ 1961లో మార్కెట్‌లోకి దిగింది. 1981లో అమెరికాలో ఆటగాళ్ల సమ్మెతో ఆల్‌స్టార్ మ్యాచ్ వాయిదా పడితే, క్లీవ్‌లాండ్ స్టేడియంలోనే స్ట్రాట్-ఓ-మాటిక్ పాచికలతో ఆ మ్యాచ్ ఆడించి ముచ్చట తీర్చుకున్నారు. 2020లో కోవిడ్‌తో సీజన్ ఆగినప్పుడు ఆ కంపెనీయే రోజుకో రౌండ్ ఆడించి ఫలితాలు ప్రకటించింది.

మనకూ సిమ్యులేటర్ లేకపోలేదు. బడిలో చివరి బెంచీ మీద ఆడిన బుక్ క్రికెట్ అదే. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ ఎప్పుడూ సరిసంఖ్యే. కాబట్టి చివరి అంకె 0, 2, 4, 6, 8లలో ఒకటి. 0 అయితే అవుట్. 8కి ఒక పరుగు అనుకుందాం. అయిదు బంతులకు ఒక వికెట్, అయిదు బంతులకు 13 పరుగులు. అంటే ప్రతి బ్యాటరూ సగటు 13, స్ట్రైక్ రేట్ 260 ఉన్న వింత మనిషి. జట్టంతా 50 బంతుల్లో, ఎనిమిది ఓవర్ల రెండు బంతులకే, 130కి ఆలౌట్. ఐపీఎల్‌లో వికెట్ పడటానికి 18 నుంచి 20 బంతులు పడుతుంది, పరుగులు బంతికి ఒకటిన్నరకు అటూ ఇటూ. సచిన్ అయినా పదకొండో నంబర్ బ్యాటర్ అయినా పుస్తకానికి ఒకటే. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ అనేది ఏదైనా, ఎంత ఖరీదైనా, ఈ ఒక్క లోపాన్ని సరిదిద్దడానికి పుట్టిందే. ఒక్కొక్క ఆటగాడికీ ఒక్కొక్క పుస్తకం కావాలి.

స్ట్రాట్-ఓ-మాటిక్ దీన్ని ఎంత సులువుగా చేసిందో చూడండి. మూడు పాచికలు వేస్తారు. తెల్ల పాచిక మీద 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు చూడాలి, 4, 5, 6 పడితే పిచ్చర్ కార్డు. మిగతా రెండు పాచికల మొత్తం కార్డులో ఏ వరుస చదవాలో చెబుతుంది. మొత్తం 7 ఎక్కువగా పడుతుంది, 2, 12 అరుదు. అందుకే మంచి బ్యాటర్ కార్డులో మంచి ఫలితాలు 7 చుట్టూ ఉంటాయి. అంతే యంత్రాంగం. మేనేజర్‌కు కిటుకు అర్థమవుతుంది, కార్డు అందరి కళ్ల ముందూ ఉంటుంది, పాచికలు బల్ల మీద పడతాయి. తొండి చేయాలంటే చేతివాటం కావాలి.

కంప్యూటర్ వచ్చాక ఇదే పని గణితం చేస్తోంది. బేస్‌బాల్ లెక్కల మేధావి బిల్ జేమ్స్ పేరుతో చలామణిలో ఉన్న లాగ్5 సూత్రాన్ని క్రికెట్‌కు తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. లీగ్ మొత్తం మీద బంతికి వికెట్ పడే అవకాశం నూటికి 5 అనుకుందాం. మన బ్యాటర్ గట్టివాడు, అతనికి 4. ఎదుటి బౌలర్ గడుసువాడు, అతనికి 6. ఇద్దరూ తలపడితే సుమారుగా నాలుగును ఆరుతో గుణించి అయిదుతో భాగించండి, 4.8 వస్తుంది. కంప్యూటర్ ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసి, అది ఆ 4.8 లోపల పడిందా లేదా చూస్తుంది. తెర మీద స్టేడియం, చప్పట్లు, కామెంటరీ ఎన్ని ఉన్నా లోపల జరిగేది ఇదే.

ఇక అంగట్లో ఏముందో చూద్దాం. నిజం బేస్‌బాల్ లీగే కావాలంటే (అమెరికాలో ఉన్న అన్నతోనో బావతోనో కలిసి ఆడాలనుకునేవాళ్లు హైదరాబాద్‌లో లేకపోలేదు) రెండు పేర్లు చాలు. మార్కుస్ హైన్‌సోన్ అనే జర్మన్ 1999లో మొదలుపెట్టిన అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ ఒకటి. టామ్ టిపెట్ తయారుచేసిన డైమండ్ మైండ్ రెండోది. మొదటిదాన్ని 2020లో కొరియా కంపెనీ కామ్‌టూస్ కొనేసింది. అందులో ఇరవై, ముప్పై ఏళ్ల కథ నడపొచ్చు: కుర్రాళ్లను పెంచడం, అమ్మడం, గాయాలు, జీతాలు. లీగ్ సెక్రటరీ ఒకరు ఉంటారు. తక్కినవాళ్లు తమ జట్టు ఫైల్ పంపుతారు, ఆయన రోజులు ముందుకు నడిపి లీగ్ ఫైల్‌ను తిరిగి అందరికీ పంచుతాడు. డైమండ్ మైండ్‌లో హంగులు తక్కువ. జరిగిపోయిన సీజన్‌ను మళ్లీ ఆడించినప్పుడు లెక్కలు నిజానికి దగ్గరగా రావడం దాని గొప్ప. టిపెట్‌ను తర్వాత బోస్టన్ రెడ్ సాక్స్ జట్టే ఉద్యోగంలోకి తీసుకుంది. అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి? వేలం పాటలో నిజం ఆటగాళ్లను పంచుకునే లీగ్‌కు నా ఓటు డైమండ్ మైండ్‌కే. ఏళ్ల తరబడి వంశవృక్షంలా పెరిగే లీగ్‌కైతే మొదటిది.

హైదరాబాద్‌లో పోటీ పరీక్షల కుర్రాళ్లుండే అశోక్‌నగర్‌కు మాత్రం రెండూ కుదరవు. చౌరస్తా చుట్టూ సందుల్లో ముగ్గురు పంచుకునే గదిలో, మంచం పక్కన పోటీ పరీక్షల పుస్తకాల దొంతర మీద ఉండేది ఫోనే. ల్యాప్‌టాప్ ఉన్నవాడు ఫ్లోర్‌కు ఒకడు. వందల ఎంబీల లీగ్ ఫైల్‌ను వారానికి రెండుసార్లు దింపుకోమంటే హాస్టల్ వైఫై ముందు దండం పెడుతుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే వరస కట్టేవాడికి కూర్చుని జట్టు జీతాల లెక్క చూసే తీరిక ఉండదు. వీళ్లకు కావలసింది మెస్‌లో తినేటప్పుడు పది నిమిషాల్లో ముగిసే ఆట.

అలాంటిది హైదరాబాద్‌లోనే తయారవుతోంది. కశ్యప్ రెడ్డి, కీర్తి సింగ్ స్థాపించిన హిట్‌వికెట్, క్రికెట్ మేనేజ్‌మెంట్ ఆటతో మొదలై ఫోన్ ఆటగా ఎదిగింది. 2020లో కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో గేముల విభాగంలో గెలిచింది. ఆట చురుగ్గా ఉంటుంది, ఫోన్‌లో తేలిగ్గా ఆడొచ్చు. కానీ అది కంపెనీ లోకం: ఆటగాళ్లు కల్పితం, వాళ్లను పెంచే పద్ధతి కంపెనీది, ఫలితం ఎలా వచ్చిందో మనం విప్పి చూడలేం. సరదాకు బాగుంది. మన వేలం పాటలో కొన్న సిరాజ్‌ను, తిలక్ వర్మను అందులో ఆడించలేం. చెన్నై నుంచి వచ్చే వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్ లాంటివి బొటనవేలి చురుకుదనానికి పరీక్ష. లీగ్ కోసం వెతికేవాడు వాటి దగ్గర ఆగనక్కర్లేదు.

1998 నుంచి బ్రిటన్‌లో తయారయ్యే క్రికెట్ కెప్టెన్ ఈ రంగంలో పాతకాపు. దాదాపు ఏటా కొత్త ఎడిషన్ వస్తుంది, అసలైన ఆటగాళ్ల లెక్కలు ఉంటాయి, ఫీల్డు పెట్టుకోవచ్చు, బౌలర్‌కు దూకుడు ఎంతో చెప్పొచ్చు. ఒక్కడు కూర్చుని ఒక జట్టును నడపడానికి క్రికెట్‌లో ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు. కానీ అది పుట్టిందే ఒక్కడి కోసం. ఎనిమిది మంది యజమానులు, ఒక సెక్రటరీ, ఒక వేలం అన్న బేస్‌బాల్ సంసారం దానికి అలవాటు లేదు.

ఇక్కడ అసలు ప్రశ్న అడగాలి. బేస్‌బాల్‌కు యాభై రకాలు ఉండగా క్రికెట్ పిచ్చి ఉన్న దేశంలో అలాంటి లీగ్ సాఫ్ట్‌వేర్ ఎందుకు పాతుకుపోలేదు? ఒక కారణం ఆటలోనే ఉంది. బేస్‌బాల్‌లో ఏ క్షణం చూసినా పరిస్థితులు 24 మాత్రమే: బేసుల మీద మనుషులు ఉండే తీరులు ఎనిమిది, అవుట్లు సున్నా, ఒకటి, రెండు. టీ20లో 120 బంతులు, 10 వికెట్లు, అక్కడికే 1,200 పరిస్థితులు. ఛేజింగ్ అయితే దాని మీద లక్ష్యం. బ్యాటర్ ఉద్దేశం ఓవర్ ఓవర్‌కూ మారుతుంది. పవర్‌ప్లేలో కొట్టేవాడే మూడు వికెట్లు పడ్డాక ముడుచుకుంటాడు. అతని సగటు ఒక్కటే తెలిస్తే సరిపోదు. ఏ ఓవర్లో, ఎన్ని వికెట్లు పడ్డాక, ఎవరి బౌలింగ్‌లో అన్నది తెలియాలి. అన్ని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో ఆటగాడు ఆడిన బంతులు వేళ్ల మీద లెక్కపెట్టేంతే మిగులుతాయి.

ఆ కొద్ది బంతులతో వచ్చే ప్రమాదానికి మన పాత ఐపీఎల్ జట్టు దక్కన్ ఛార్జర్స్‌లోనే ఉదాహరణ ఉంది. 2009లో ముంబై మీద రోహిత్ శర్మ హ్యాట్రిక్ తీశాడు. రెండు ఓవర్లలో 6 పరుగులిచ్చి 4 వికెట్లు. ఆ సీజన్ లెక్కలను అమాయకంగా మింగిన సాఫ్ట్‌వేర్ రోహిత్‌కు ప్రతి మ్యాచ్‌లో నాలుగు ఓవర్లు ఇస్తుంది, వేలంలో తెలివైనవాడెవడో అతన్ని బౌలర్‌గా కొని కప్పు ఎత్తుకుపోతాడు. దీనికి బేస్‌బాల్ లీగులు ఎప్పుడో మందు కనిపెట్టాయి: నిజం సీజన్‌లో ఎన్నిసార్లు ఆడాడో సిమ్యులేషన్‌లోనూ సుమారుగా అన్నిసార్లే ఆడనివ్వాలి. రెండో మందు, తక్కువ బంతులున్నవాడి లెక్కను లీగ్ సగటు వైపు లాగడం. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఈ రెండూ చేస్తుందా లేదా అన్నది డబ్బు కట్టకముందే అడగాలి.

అదే దక్కన్ ఛార్జర్స్ 2008లో 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్షిణాఫ్రికాలో కప్పు కొట్టింది, ఆర్పీ సింగ్ 23 వికెట్లతో పర్పుల్ క్యాప్ తెచ్చుకున్నాడు. కాబట్టి ఏ ఏడాది కార్డులు వాడుతున్నామో వేలానికి ముందే రాసుకోవాలి. ఒక్క సీజన్ కార్డులా, మూడేళ్ల సగటా, కెరీర్ మొత్తమా అన్నది తేల్చకుండా వేలం పెట్టుకున్న లీగ్ రెండో వారంలోనే విడిపోతుంది.

నారాయణగూడ వైపు వస్తే దారి ఇంకొకటి ఉంది. కేశవ్ మెమోరియల్ లాంటి ఇంజనీరింగ్ కాలేజీ పక్కనే ఉన్నచోట సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పనేమిటి? స్టీఫెన్ రష్ నడిపే క్రిక్‌షీట్‌లో 2008 నుంచి ఐపీఎల్ మ్యాచ్‌ల బాల్ బై బాల్ వివరాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రతి బంతికీ బ్యాటర్, బౌలర్, అవతలి బ్యాటర్, పరుగులు, ఎక్స్‌ట్రాలు, వికెట్ పడితే ఎలా పడింది, అన్నీ ఉంటాయి. బంతి వేగం, ఎక్కడ పిచ్ అయింది అన్నవి ఉండవు. లీగ్ సిమ్యులేటర్‌కు వాటి అవసరమూ లేదు. పైథాన్ కాస్త వచ్చిన విద్యార్థి సెలవుల్లో కూర్చుంటే మూడు దశలుగా, పవర్‌ప్లే, మధ్య ఓవర్లు, చివరి ఓవర్లుగా, లెక్క కట్టే ఇంజిన్ తయారవుతుంది. ఫీల్డింగ్, పిచ్, మంచు ప్రభావం లాంటివి మొదటి సీజన్‌కు వదిలేయొచ్చు. వదిలేయాలి కూడా. ఒక్కొక్క హంగు చేర్చినకొద్దీ ఒక్కొక్క తగువు చేరుతుంది.

ఎక్సెల్‌లో చేస్తామనేవాళ్లకు ఒక హెచ్చరిక. అందులో యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చే ర్యాండ్ ఫార్ములా, షీట్‌లో ఏ గడిలో ఏం టైప్ చేసినా మళ్లీ లెక్కేసుకుంటుంది. 14 పరుగులతో గెలిచిన జట్టు, స్కోరర్ కింద తన పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టగానే ఓడిపోతుంది. ఎఫ్9 మీట నొక్కిన ప్రతిసారీ కొత్త మ్యాచ్. తన జట్టు గెలిచేదాకా సెక్రటరీ ఎఫ్9 నొక్కుతూ కూర్చుంటే పట్టుకునేదెవరు?

నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ ఎంపికంతా ఈ ఒక్క మాట మీదే తిరుగుతుంది. లెక్కలు ఎంత సూక్ష్మంగా వేసింది అన్నది రెండో సంగతి. ఓడినవాడు ఫలితాన్ని తనంతట తాను సరిచూసుకోగలడా అన్నది మొదటిది. కంప్యూటర్ యాదృచ్ఛిక సంఖ్యలు నిజానికి ఒక మొదటి సంఖ్య నుంచి వరసగా పుట్టుకొస్తాయి, దాన్ని సీడ్ అంటారు. అదే సీడ్, అవే జట్లు, అదే ప్రోగ్రాం ఇస్తే ఎవరి ల్యాప్‌టాప్ మీదైనా అదే మ్యాచ్ బంతి తప్పకుండా మళ్లీ వస్తుంది. కాబట్టి సీడ్‌ను సెక్రటరీ ఎంచుకోకూడదు. ఆ రోజు సెన్సెక్స్ ముగింపు అంకెను, దశాంశాలతో సహా, సీడ్‌గా పెట్టుకోండి. మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ మూసేలోగా అందరూ తుది జట్టు, బ్యాటింగ్ వరస గ్రూప్‌లో పెట్టేయాలి. మూడున్నర దాటాక ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు. మార్కెట్ ఉండని శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో మ్యాచ్‌లు ఉండవు, అదొక్కటే ఇబ్బంది. పోటీ పరీక్షలవాళ్లకు మాక్ టెస్టులు ఎలాగూ ఆదివారమే కాబట్టి అదీ మంచిదే. పెట్టెలో అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఇలా బయటి నుంచి ఇచ్చిన సీడ్‌తో నడిపే వీలు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే కనీసం మ్యాచ్ ఆడించేటప్పుడు తెరను అందరికీ చూపించే ఏర్పాటు ఉండాలి.

ఇంజిన్ నమ్మదగిందో లేదో పరీక్షించడం కష్టమేం కాదు. పదివేల మ్యాచ్‌లు ఆడించి రెండు కొసలు చూడండి. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు మీద సన్‌రైజర్స్ 3 వికెట్లకు 287 కొట్టింది. 2017లో అదే బెంగళూరు కోల్‌కతా చేతిలో 49కి ఆలౌటైంది. ఇంజిన్ ఎప్పుడూ 150, 190 మధ్యే తిరుగుతుంటే బ్యాటర్లు అలసిపోయారని కాదు, ప్రోగ్రాం పిరికిది. వారం వారం 280లు వస్తుంటే ఎవరో మొదటి ఆరు ఓవర్ల లెక్కను ఇరవై ఓవర్లకూ అంటించారు.

ఇంకో లెక్క ముందే అందరికీ వినిపిస్తే సగం తగువులు తప్పుతాయి. ప్రతి మ్యాచ్ గెలిచే అవకాశం నూటికి 55 ఉన్న మంచి జట్టు 14 మ్యాచ్‌లలో సగటున 7.7 గెలుస్తుంది, కానీ రెండు అటూ ఇటూ పోవడం మామూలే. ఆరు గెలిచి ఇంటికెళ్లినా ఇంజిన్‌లో తొండి లేనట్టే. ఇది మింగుడుపడని యజమాని ఉంటే సీజన్‌ను 28 మ్యాచ్‌లు చేయండి. కంప్యూటర్‌కు శ్రమ లేదు.

చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ కార్యక్రమానికి ముందు గేటు దగ్గర చేరే పెద్దమనుషుల్లాంటి బృందాలకు ఇవేవీ అక్కర్లేదు. వాళ్లకు నేను చెప్పేది కాగితమే. క్రిక్‌షీట్ లెక్కలతో మనవడి చేత ఆటగాడికొక కార్డు తయారు చేయించి, జిరాక్స్ తీయించి, స్ట్రాట్-ఓ-మాటిక్ పద్ధతిలో మూడు పాచికలు పట్టుకుంటే ఒక ఇన్నింగ్స్ గంటలో ముగుస్తుంది. కార్డు మీద లెక్క తప్పని ఎవరికైనా అనిపిస్తే పెన్నుతో దిద్దుకోవచ్చు, అందరూ ఒప్పుకుంటే. 1970ల హైదరాబాద్ రంజీ జట్లను, జయసింహను, ఆబిద్ అలీని ఆడించాలన్న కోరిక ఉంటే దారి ఇదొక్కటే. ఆ కాలం మ్యాచ్‌లకు బాల్ బై బాల్ లెక్కలు దొరకవు, స్కోర్‌బోర్డుల నుంచి సగటులు తీసి కార్డులు గీసుకోవాల్సిందే.

మళ్లీ అశోక్‌నగర్. అక్కడి లీగ్‌కు నేను చెప్పే సలహా నారాయణగూడ ఇంజిన్‌ను అరువు తెచ్చుకోమనే. ఆడించేది ఒక్క ల్యాప్‌టాప్, స్కోరుకార్డు అందరి ఫోన్లకూ. కానీ ఇక్కడ లీగ్ ఆయుష్షు నోటిఫికేషన్ల చేతుల్లో ఉంటుంది. 2022 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌కు పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఆ రెండింటి మధ్య రెండు ఐపీఎల్‌లు గడిచిపోయాయి. పరీక్ష దగ్గరపడితే సగం మంది జట్లు పెట్టడం మానేస్తారు. వాళ్ల తరఫున పోయిన వారం జట్టునే ఆడించే ఏర్పాటు ప్రోగ్రాంలో ముందే ఉండాలి. ఫలితాలొచ్చాక సెక్రటరీకే ఉద్యోగం వచ్చి ఆదిలాబాద్ వెళ్లిపోవచ్చు. అందుకని ఆటగాళ్ల పట్టికలు, వేలం ధరలు, సీడ్‌ల జాబితా, స్కోర్లు అన్నీ మామూలు సీఎస్‌వీ ఫైళ్లుగా గ్రూప్‌లో ఉండాలి. లైసెన్సు ఒకరి పేరు మీదా, లీగ్ ఫైల్ ఆయన ల్యాప్‌టాప్‌లోనూ ఉండిపోయే సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా ఈ సందుల్లో ఒక్క సీజన్‌కు మించి బతకదు.